పరుల రహస్యం, సొంత ఫోను

ఒకరి రహస్యాన్ని మరొకరు కాపాడటం మంచిపని అనటంలో ఎవరికీ అభిప్రాయభేదం వుండదు. వైద్యుడు రోగి జబ్బునూ, వకీలు కక్షిదారు మాటనూ, ఆడిటరు వ్యాపారి లెక్కనూ బయటపెట్టకూడదని అందరమూ అంటాం. కాని ఈ ధర్మాన్ని ఎవరి ఖర్చుతో పాటించాలి, పాటించటానికి కావలసిన సాధనాలు ఎవరి చేతిలో వున్నాయి, పాటించలేకపోయినప్పుడు శిక్ష ఎవరిమీద పడుతుంది అన్న ప్రశ్నలు వేసేటప్పటికి మన ఏకాభిప్రాయం చెదిరిపోతుంది. నీతిని గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతారు. మనం ఆగకూడదు.

ఈ ప్రశ్నలు కొత్తగా ముందుకు రావటానికి కారణం వుంది. చిన్న ఆడిటర్లు, వకీళ్ళు, పన్నుల కన్సల్టెంట్లు, ఇద్దరు ముగ్గురు గుమాస్తాలతో నడిపే కార్యాలయాల్లో పని పద్ధతి మారిపోయింది. 2020 మార్చిలో దేశమంతటా లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఈ కార్యాలయాలు కూడా మూతపడ్డాయి. గడువులు పొడిగించారు గాని పని ఆగలేదు. కాగితాలు ఫోటోలై గుమాస్తాల సెల్‌ఫోన్లలోకి చేరినాయి. మహమ్మారి తగ్గింది. గుమాస్తాలు కొందరు కార్యాలయాలకు తిరిగి వచ్చారు, కొందరు ఇళ్ళలోనే వుండి పని చేస్తున్నారు. కాగితాలు మాత్రం సెల్‌ఫోన్లలోనే వుండిపోయినాయి.

మా ప్రాంతం సంగతే చూడండి. 2016 అక్టోబరు 11న ఏర్పడిన వికారాబాదు జిల్లాలో దోమ ఒక మండలం. అక్కడ వ్యవసాయమే బతుకుతెరువు. దగ్గరి పట్టణం పరిగి. మరికొంత దూరం పోతే తాండూరు. తాండూరులో నాపరాయిని కోసి పాలిష్ పట్టే యూనిట్లు వున్నాయి, కందుల వ్యాపారం వుంది; 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 2017 జూలై 1న జిఎస్‌టి అమలులోకి వచ్చినప్పటినుంచీ, అమ్మకాలు ఒక స్థాయి దాటిన ప్రతి వ్యాపారీ రిటర్నులు దాఖలు చెయ్యక తప్పదు. ఆ పని తమంతట తాము చేసుకోగలవాళ్ళు తక్కువ. కనక కన్సల్టెంట్లు వచ్చారు, కన్సల్టెంట్లకు గుమాస్తాలు కావలసివచ్చారు. పల్లెల్లో బి.కాం. చదివి ఉద్యోగం రాని పిల్లలకు ఇది దొరికిన పని. నాగలి పట్టిన వాళ్ళ కొడుకులూ కూతుళ్ళూ ఇవాళ తాండూరు బండల వ్యాపారి లెక్కలూ, హైదరాబాదు డాక్టరు ఆదాయపు పన్నూ పల్లెలో కూచుని రాస్తున్నారు. ఇది కొంతవరకు మంచి మార్పే. ఊరు విడవకుండా నాలుగు రూపాయలు సంపాదించుకోవటం, ముఖ్యంగా ఆడపిల్లలకు, తక్కువ సంగతి కాదు.

నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి దోమలో తన ఇంటినుంచే నగరంలోని ఒక చిన్న ఆడిటరు కార్యాలయానికి పని చేస్తున్నది. ఆ కార్యాలయం ఆమెకు ఇచ్చేది నెలజీతమూ, వాట్సాప్ గ్రూపులో చోటూ. ఫోను ఆమెది. రీచార్జి ఆమెది. కరెంటు వాళ్ళ నాన్నది. ఆ ఫోనులో యాభై అరవైమంది ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పోర్టల్ పాస్‌వర్డులు వున్నాయి. కార్యాలయంవాళ్ళు ఈమధ్య ఒక కాగితం పంపి సంతకం పెట్టమన్నారు. పనికి వాడే ఫోనును మరెవరూ ముట్టుకోగూడదనీ, ఏ వివరం బయటికి పొక్కినా పూర్తి బాధ్యత ఉద్యోగిదేననీ ఆ కాగితంలో వున్నది. ఆమె సంతకం పెట్టింది. పెట్టక ఏం చేస్తుంది?

ఆ కాగితం రాసినవాడు దుర్మార్గుడని నేననటంలేదు. అతనికీ భయం వున్నది. అయితే ఆ కాగితంలో రెండు అబద్ధాలున్నాయి. రాసినవాడికి అవి అబద్ధాలుగా తోచివుండవు. మన సమాజంలో అవి అంత సహజంగా చలామణీ అవుతున్నాయి.

మొదటి అబద్ధం, అది ఆమె 'వ్యక్తిగత' ఫోను అనటం. ఒక మనిషికి ఒక ఫోను, ఒక గది, ఆ గదికి ఒక తలుపు అనేది మధ్యతరగతి నగర జీవితంలో పుట్టిన వూహ. పరికరాల భద్రతను గురించి నిపుణులు చెప్పే సలహాలన్నీ ఆ వూహమీదే నిలబడివుంటాయి. పల్లెలో ఫోను ఇంటిది. తమ్ముడు పాఠాలు చూసేది అందులోనే. తల్లి మహిళా సంఘం అప్పు కిస్తీ సంగతి తెలిసేది అందులోనే. తండ్రికి రైతు భరోసా డబ్బు పడిందో లేదో బ్యాంకు సందేశం వచ్చేది కూడా అందులోకే. దీన్ని మరెవరూ ముట్టుకోగూడదనటమంటే, ఇంటి బావికి తాళం వేసుకోమనటమే. ఆ అమ్మాయి నిబంధన పాటిస్తే ఇంట్లో దోషి, పాటించకపోతే కార్యాలయంలో దోషి. పాటించటానికి వీలులేని నియమం పెట్టి, పాటించలేదని తప్పుపట్టటం నీతి అనిపించుకోదు.

రెండో అబద్ధం, ఫోను ఆమెది కనక బాధ్యత కూడా ఆమెదే అనటం. ఇది వినటానికి న్యాయంగానే వుంటుంది. సొంతదారుకే పూచీ అన్నది పాతకాలపు సూత్రం. కాని సాధనం ఎవరిదన్న ప్రశ్నకూ, ఆ సాధనంమీద అధికారం ఎవరిదన్న ప్రశ్నకూ ఎప్పుడూ ఒకటే జవాబు వుండదు. మన పక్కనే వున్న నారాయణపేట నేతపని సంగతి ఆలోచించండి. షావుకారుకు నేసే నేతగాడి ఇంట్లో మగ్గం అతనిదే, గుంట అతనిదే, కండెలు చుట్టే భార్యాబిడ్డల శ్రమ అతనిదే. నూలు షావుకారుది, చీర షావుకారుది, ధర కట్టేదీ షావుకారే. వానాకాలంలో మగ్గం గుంటలోకి నీళ్ళూరితే మాత్రం నష్టం నేతగాడిది. సొంత మగ్గం వున్నంతమాత్రాన అతను స్వతంత్రుడు కాలేదు. నష్టం భరించే హక్కు ఒక్కటే అతనికి స్వతంత్రంగా దక్కింది. 1867లో వెలువడిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో మార్క్స్, ఇళ్ళలో చేయించే పనిని ఫ్యాక్టరీకి బయటవున్న విభాగంగా లెక్కగట్టాడు. నూలు స్థానంలో కాగితాలు వచ్చినా, మగ్గం స్థానంలో ఫోను వచ్చినా ఆ సంబంధం మారలేదు. ఇదివరకు కార్యాలయంలో బీరువా వుండేది, బీరువాకు తాళం, వీధి తలుపుకు మరొక తాళం వుండేవి. వాటి ఖర్చు యజమాని పెట్టేవాడు. ఇప్పుడు ఆ బీరువా గుమాస్తా జేబులోకి వచ్చింది. దాంతోపాటే దాని ఖర్చూ, దాని కాపలా కూడా వచ్చినాయి.

ఇక్కడ మన తెలంగాణ చరిత్రలోంచి మరొక పోలిక గుర్తుకు వస్తుంది. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయ్యేదాకా ఊరి భూముల రికార్డులు పట్వారీ ఇంట్లో వుండేవి. పరుల బతుకుల్ని నిర్ణయించే కాగితాలు ఒక ప్రైవేటు ఇంట్లో వుండటంలోని అన్యాయాన్ని మన పెద్దలు అనుభవించారు. ఎవరి పేరు ఏ కాలమ్‌లో వున్నదో పట్వారీకి తప్ప తెలియదు. ఆ అజ్ఞానమే అతని బలం. ఈనాడు కూడా జనం కాగితాలు ప్రైవేటు ఇళ్ళలోనే వున్నాయి. అయితే ఒక ముఖ్యమైన తేడా వుంది. పట్వారీ దగ్గర రికార్డూ వుండేది, దానితో వచ్చే అధికారమూ వుండేది. ఈ గుమాస్తా దగ్గర రికార్డు మాత్రమే వున్నది. అధికారం పైకి పోయింది, పూచీ కిందికి జారింది. గుమాస్తాను పట్వారీలాగా అనుమానిస్తూ, నేతగాడిలాగా నష్టం భరించమనటం నేటి పద్ధతి.

ఇంతవరకు యజమానినీ ఉద్యోగినీ గురించే చెప్పాను. వీళ్ళిద్దరి వాదంలో లేని మూడోమనిషి ఒకడున్నాడు. రహస్యం అసలు అతనిది. పట్టాదారు పాసుపుస్తకం ఫోటో తీయించి పంపిన రైతు, పాలిష్ యూనిట్ నడుపుకునే చిన్న వ్యాపారి, విడాకుల కేసు వేసిన స్త్రీ. తమ కాగితం ఎన్ని ఫోన్లలోకి పోయిందో వాళ్ళకు తెలియదు. ఎవరూ చెప్పరు, అడగాలని వాళ్ళకు తోచదు.

ఆ కాగితానికి విలువేముంది, బీదవాడి ఆధార్ ఎవడిక్కావాలి అనేవాళ్ళున్నారు. 2018లో మన రాష్ట్రంలోనే జరిగిన సంగతి వాళ్ళకు జవాబు. పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో వున్న దస్తావేజులు దింపుకొని, వాటిమీది ఆధార్ నంబర్లూ వేలిముద్రలూ తీసుకుని, ఆ వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, వేలకొద్దీ సిమ్ కార్డులు చెల్లుబాటు చేసుకున్నాడని పోలీసులు బయటపెట్టారు. భూమి అమ్మినప్పుడో కొన్నప్పుడో రైతు వేసిన వేలిముద్ర, అతనికి తెలియకుండా మరెక్కడో సంతకం పెట్టింది. 2023లో సైబరాబాదు పోలీసులు పట్టుకున్న మరొక కేసులో, 24 రాష్ట్రాలకు చెందిన దాదాపు 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల వివరాలు అమ్మకానికి పెట్టినట్టు తేలింది. ఒక్కొక్క మనిషి వివరం విలువలేనిదే కావచ్చు. పోగుచేసినప్పుడు అది సరుకు. మార్కెట్టుకు ధనికుడి రహస్యమూ బీదవాడి రహస్యమూ ఒకటే. నష్టం తట్టుకునే శక్తి మాత్రం ఒకటి కాదు. బ్యాంకు ఖాతాలో రెండు లక్షలు పోతే పెద్దవ్యాపారి వకీలును పెట్టుకుంటాడు. ఇరవైవేలు పోతే కౌలురైతు విత్తనాలు కొనలేడు.

చిన్న కార్యాలయాల రోజువారీ పద్ధతులు ఈ మూడోమనిషిని ఎట్లా తయారుచేస్తున్నాయో గమనించండి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకులు చెబుతాయి, పోలీసులు చెబుతారు, కళాశాలల్లో మేమూ చెబుతాం. గడువు తేదీ దగ్గరపడినప్పుడు కన్సల్టెంటు ఆఫీసునుంచి ఫోను వస్తుంది, 'సేటూ, మీకొక నంబరు వచ్చింది, చెప్పండి' అని. అతను చెబుతాడు. నెలనెలా చెబుతాడు. ఫోనులో అడిగితే నంబరు చెప్పటం అతనికి అలవాటవుతుంది. ఆ అలవాటును మోసగాడు ఒకనాడు వాడుకుంటాడు. అప్పుడు మనం 'జనానికి తెలివిలేదు' అంటాం. తెలివిలేకపోవటం కాదది, మనం నేర్పిన పాఠమే. కొన్నిచోట్ల ఈ ఫోను చేసే శ్రమ కూడా లేకుండా రిజిస్ట్రేషన్ నాడే వ్యాపారి నంబరు బదులు గుమాస్తా నంబరు రాస్తారు. గుమాస్తా పని మానేసిన తరవాత కూడా వ్యాపారి గుట్టు అతని ఫోనుకే వస్తూ వుంటుంది. డిజిటల్ సంతకం వున్న టోకెన్లు కార్యాలయం సొరుగులో పడివుంటాయి, వాటి పిన్ నంబర్లు కాగితం ముక్కమీద రాసి వాటికే చుట్టివుంటాయి. పూర్వం తెల్లకాగితంమీద వేలిముద్ర వేయించుకునే షావుకారును మనం ద్రోహి అన్నాం. ఇప్పుడు అదే పనిని సౌకర్యం అంటున్నాం. ఉద్దేశంలో తేడా వుండవచ్చు, ప్రమాదంలో తేడా లేదు.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో వ్యక్తిగత వివరాల రక్షణకు చట్టం వచ్చింది, 2025 నవంబరులో నిబంధనలు వెలువడినాయి. ముఖ్యమైన బాధ్యతల అమలుకు అప్పటినుంచి 18 నెలల గడువు పెట్టారు. ఈ చట్టంలో చాలా లోపాలున్నాయి, ప్రభుత్వం తనకు తాను ఇచ్చుకున్న మినహాయింపులు వాటిలో ముఖ్యమైనవి. అయినా అందులో ఒక సరైన సూత్రం వుంది. వివరాలను ఎందుకు వాడాలో, ఎట్లా వాడాలో నిర్ణయించేది ఎవరో, రక్షణకు బాధ్యులు కూడా వాళ్ళే. రక్షణ ఏర్పాట్లు చెయ్యకపోతే 250 కోట్లదాకా జరిమానా వెయ్యవచ్చు. అంటే పరికరం ఎవరిదని చట్టం మొదట అడగదు, నిర్ణయం ఎవరిదని అడుగుతుంది. నీతి కూడా అడగవలసింది అదే.

2025 అక్టోబరు 31న న్యాయవాదుల విషయంలో సుప్రీంకోర్టు మరొక మాట చెప్పింది. దర్యాప్తుకోసం న్యాయవాది ఫోనో ల్యాప్‌టాపో కావలసివస్తే దాన్ని కోర్టు ముందే వుంచాలి. తెరిచినప్పుడు మిగతా కక్షిదారుల రహస్యాలు బయటపడకుండా చూడాలి. మంచి తీర్పు. కాని ఆ కక్షిదారుల కాగితాలే న్యాయవాది జూనియరు ఫోనులో, గుమాస్తా ఫోనులో, బయట టైపు చేసిపెట్టే కుర్రవాడి ఫోనులో వుంటే? పోలీసులకంటే ముందు ఆ ఫోన్లను దొంగలు తెరుస్తారు, రిపేరు షాపువాళ్ళు తెరుస్తారు. న్యాయమూర్తులు సింహద్వారానికి తాళం వేశారు. దొడ్డిదారి సంగతి వృత్తిలో వున్నవాళ్ళే చూసుకోవాలి.

ఈ మాట అనగానే మరొక ప్రమాదం ఎదురవుతుంది. రహస్యాన్ని కాపాడే పేరుతో ఉద్యోగిని కాపలా కాయటం. ఇంటినుంచి పని చేసేవాళ్ళ కంప్యూటరు తెరను కొన్ని నిమిషాలకొకసారి ఫోటో తీసి యజమానికి పంపే సాఫ్ట్‌వేర్లు బజారులో వున్నాయి. ఫోను ఎక్కడ తిరుగుతున్నదో చూపించేవి వున్నాయి. ఫోను పోతే దూరంనుంచే అందులో వున్నదంతా చెరిపేసే ఏర్పాట్లున్నాయి. కార్యాలయం కాగితాలతోపాటు చనిపోయిన నాయనమ్మ గొంతు కూడా వాటితో చెరిగిపోవచ్చు. కక్షిదారు గోప్యతను కాపాడటానికి గుమాస్తా గోప్యతను బలిపెట్టటం ఒక హక్కును మరొక హక్కుకు మేతగా వెయ్యటమే. ఫోనులో ఆఫీసు పనికి వేరే గది కట్టే ఏర్పాటు ఆండ్రాయిడ్ ఫోన్లలో ఏనాటినుంచో వుంది. ఆ గదిని ఖాళీ చేస్తే ఇంటి వస్తువులు పోవు. అది వాడకుండా మొత్తం ఫోనుమీద పెత్తనం కోరేవాడికి కావలసింది భద్రతేనా అని అనుమానించటం తప్పు కాదు.

భయపెట్టి చేయించే భద్రత భద్రత కూడా కాదు. 'పూర్తి బాధ్యత ఉద్యోగిదే' అని సంతకం పెట్టిన అమ్మాయి ఫోను పరిగి బస్టాండులో పోయిందనుకోండి. ఆ గంటలో చెయ్యవలసిన పనులు చాలా వున్నాయి. పాస్‌వర్డులు మార్చాలి, సిమ్ ఆపించాలి, కక్షిదారులకు చెప్పాలి, డబ్బు పోతే 1930 నంబరుకు వెంటనే ఫిర్యాదు చెయ్యాలి. కాని ఆమె ఏం చేస్తుంది? ఉద్యోగం పోతుందని భయపడుతుంది. దొరుకుతుందేమోనని రెండురోజులు చూస్తుంది. ఆ రెండురోజుల మౌనం ఫోను పోవటంకంటే పెద్ద నష్టం. శిక్ష భయం రహస్యాన్ని దాచదు, ప్రమాదాన్ని దాస్తుంది. పోయిందని వెంటనే చెప్పినవాళ్ళను శిక్షించబోమన్న హామీ అన్ని తాళాలకంటే గట్టి తాళం. దానికి ఖర్చు కూడా లేదు.

'చిన్న కార్యాలయం, మేమెక్కడ తెచ్చేది?' అని యజమాని అడుగుతాడు. ఈ ప్రశ్నను కొట్టిపారెయ్యకూడదు. తాండూరులో ముగ్గురు గుమాస్తాలతో బతికే కన్సల్టెంటు బహుళజాతి కంపెనీ కాదు. అతని ఫీజును వ్యాపారులు బేరమాడి తగ్గిస్తారు, గడువులు అతని నిద్ర చెడగొడతాయి. పైవాళ్ళ ఒత్తిడి అతనిమీద వుంది, అతను దాన్ని కిందికి తోస్తున్నాడు. ఒత్తిడి నిజం, తోసే హక్కు మాత్రం దానినుంచి రాదు. మనిషికొక ఫోను కొనలేనివాడు రీచార్జిలో సగం పెట్టుకోవచ్చు. ఉద్యోగి సొంత సెల్‌ఫోను పనికి వాడవలసివస్తే బిల్లులో సబబైన భాగం యజమాని భరించాలని 2014లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. పెట్టుబడిదారీ దేశపు కోర్టు ఒప్పుకున్న సంగతిని మనం విప్లవకరమైన కోరిక అనుకోవలసిన పని లేదు. ఇక డబ్బు అక్కరలేని పనులు ఎన్నో వున్నాయి. కక్షిదారు నంబరు కక్షిదారుదే రాయించటం, పని అయిన ఫోటోలు చెరిపెయ్యటం, ఒకే పాస్‌వర్డు అందరికీ పంచకుండా వుండటం, పాస్‌వర్డుకు తోడు రెండో తాళం పెట్టటం, మానేసినవాళ్ళ దారి ఆనాడే మూసెయ్యటం. ఒంటరిగా చెయ్యలేనిదాన్ని పట్టణంలోని కన్సల్టెంట్లు, వకీళ్ళు తమ సంఘాల ద్వారా కలిసి చెయ్యవచ్చు. పది కార్యాలయాలకు కలిపి ఒక తెలిసిన మనిషిని పెట్టుకోవటం అసాధ్యం కాదు. రైతులు కలిసి గోదాము కట్టుకోగలిగినప్పుడు చదువుకున్నవాళ్ళు కలిసి తాళం కొనుక్కోలేరా?

ఇదంతా ఉద్యోగిని నిర్దోషిగా ప్రకటించటానికి రాయలేదు. జీతం తక్కువ కనక పరుల కాగితాన్ని అజాగ్రత్తగా పారెయ్యవచ్చుననేది శ్రామికవర్గ నీతి కాదు. ఆ కాగితం యజమానిది కాదు, తనలాంటి మరొకరిది. ఫోనుకు తాళం వేసుకోవటం, తెలియని లింకు తెరవకపోవటం, కక్షిదారు కథను స్నేహితుల గ్రూపులో పెట్టి నవ్వకపోవటం యజమానికి చేసే సేవ అనుకోనక్కరలేదు. సాటిమనిషిపట్ల మర్యాద అది. ఈ మాట ఉపాధ్యాయులకు కూడా వర్తిస్తుంది. స్కాలర్‌షిప్పు దరఖాస్తులకోసం విద్యార్థుల కుల, ఆదాయ సర్టిఫికెట్లు కళాశాలల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే వున్నాయి. పేదరికం రుజువు చేసుకున్న కాగితాన్ని వందమంది చూడటంలో వుండే అవమానం, దాన్ని అనుభవించే విద్యార్థికే తెలుస్తుంది.

గోప్యత అనేది ధనికుల విలాసమనే అభిప్రాయం మన అభ్యుదయవాదుల్లో కూడా కొందరికి వుంది. దాచుకోవటానికి ఆస్తులున్నవాడికి కదా తాళం అంటారు వాళ్ళు. ఇది తలకిందులు ఆలోచన. ధనికుడికి గోడలున్నాయి, వకీళ్ళున్నారు, పలుకుబడి వుంది. ఏ గోడలూ లేనివాడికి తన పేరు, తన వేలిముద్ర, తన అప్పు, తన జబ్బు తన అనుమతి లేకుండా పరులచేతికి పోకుండా వుండటమే మిగిలిన రక్షణ. కనక ఈ సమస్యను సాంకేతిక నిపుణులకు వదిలిపెట్టి మనం సాహిత్యమూ సిద్ధాంతమూ మాట్లాడుకుంటూ కూచోటానికి వీలులేదు. ఇంటినుంచి పని చేసే గుమాస్తాలు సంఘంగా ఏర్పడినప్పుడు జీతంతోపాటు అడగవలసిన మొదటి కోరికల్లో ఇది వుండాలి: పనికి పనిముట్టు ఇవ్వండి, లేదా మా పనిముట్టుకు కిరాయి ఇవ్వండి, మీరు నిర్ణయించినదానికి మీరే పూచీపడండి, కాగితం ఎవరిదో వాళ్ళకు, అది ఎక్కడ వున్నదో చెప్పండి. ఈ మూడో కోరిక ఉద్యోగి తనకోసం అడిగేది కాదు. తనకోసం కానిదాన్ని కూడా అడగగలిగినప్పుడే ఒక సంఘానికి బేరమాడే శక్తితోపాటు నైతికశక్తి వస్తుంది.